అయిదున్నర గంటలు

కాశీనగర్ ఆసుపత్రిలో ఫ్యాను తిరగని గది ఒకటుంది.
నాకిచ్చింది అదే.
గోడకి రెండు క్యాలెండర్లు:
కటకంలో అచ్చయిన ఒడియాది,
పాతపట్నం బట్టల కొట్టు పంచిన మనది.
పున్నమి దాటిన మర్నాడు చూడాలి ఆ గోడని.
ఒకే చీకటి పక్షం,
ఎడమ పక్క భాద్రపదం,
కుడి పక్క ఇంకా శ్రావణమే.
కుముదిని దీదీ రెంటినీ ఒక్క మేకుకే తగిలించింది.

నన్ను పిలిచింది వాటికోసం కాదు.
జనన మరణాల సాఫ్ట్‌వేరులో
తేదీలు జారిపోతున్నాయట.

మూడు రోజులు దీదీ రిజిస్టరు పక్కన పెట్టుకుని
వరసా వరసా సరిచూశాను.
ఆమె రాసే ఒడియా నాలుగు
నా కంటికి ఎనిమిదిలా కనపడి
మొదటి రోజంతా లేని తప్పులు పట్టుకున్నాను.
రెండో రోజుకి అంకెలు కుదిరాయి.
పగటి పిల్లలకి ఏమీ కాలేదు.
అర్ధరాత్రి దాటాక, అయిదున్నర లోపు
పుట్టినవాళ్లే
అందరూ ఒక రోజు వెనక్కి పడ్డారు.

ఎవడో, ఎక్కడో చల్లని గదిలో కూర్చుని
మన గడియారాన్ని లండన్ గడియారంలోకి మార్చి దాచాడు.
అది తప్పు కాదు, అందరం అలాగే దాస్తాం.
తిరిగి తీసేటప్పుడు మాత్రం
అయిదున్నర గంటలు కలపడం మరిచి
గంటలు కోసేసి
తేదీ ఒక్కటే అచ్చువేశాడు.
ఒకే ఒక్క వరస.
దూడని విప్పినవాడు కట్టడం మరిచినట్టు.

నూట నలభై ఏడో పేరు దగ్గర ఆగాను.
పేరు లేదు నిజానికి. ఆడశిశువు. తల్లి దాలెమ్మ.
పుట్టిన వేళ ఒకటీ ఇరవై.
పోయిన వేళ ఆరూ పది.
రిజిస్టరులో రెండూ పద్నాలుగో తేదీయే.
కంప్యూటరులో పుట్టింది పదమూడున.

ఆ మధ్యాహ్నమే వచ్చింది దాలెమ్మ,
ఎవరూ పిలవకుండానే,
వంశధార దాటి, పాలిథీన్ సంచిలో
వానకి నానిన కాగితం పట్టుకుని.
మార్చి ఇమ్మంది. ముందు చదవమంది.
"ఇందల ఏటి రాసుందమ్మా?"
చదివాను.
"అయితే నా గుంట రెండు దినాలు సూసిందన్నమాట."

కాదమ్మా, అది మిషను తప్పు,
పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది, అన్నాను.
ఆమె నన్ను కాసేపు చూసింది,
తోవ తెలియని మనిషిని చూసినట్టు.
"పన్నెండు కొడితే ఏటవుద్ది?
సోమారం రేతిరి పుట్టింది.
తెల్లారీక పోయింది.
తెల్లారితే కదా మంగళారం."

నా నోట మాట లేదు.
లండన్‌లో నడిరాత్రి వేళకి
ఇక్కడ కొండ మీద పొద్దు పొడుస్తుంది.
ఎవడో మరిచిపోయిన ఆ ఒక్క వరస
ఏ పంచాంగమూ తిరగెయ్యకుండానే
ఇన్నాళ్లూ ఈ ఊరి రోజుల్ని
తెల్లారాకే మొదలుపెడుతోంది.

అయినా దిద్దాను.
దిద్దక తప్పదు. టీకాల లెక్కలున్నాయి,
బడిలో చేరే వయసుకి ఒక్క రోజు చాలక
తిరిగి వెళ్లిన పిల్లలున్నారు.
రెండు వందల పన్నెండు పేర్లు
ఒక్క మీటకి ఒక రోజు ముందుకి నడిచాయి.
నూట నలభై ఏడోదీ నడిచింది.
ఏం మార్చానో కింద రాయాలి కదా,
"కాలమానం సవరణ" అని రాసి
ఇంకో ముక్క కలిపి, చెరిపేశాను.

కొత్త నకలు వెచ్చగా బయటికొచ్చింది.
పద్నాలుగు. పద్నాలుగు.
పాతది వెనక్కి తీసుకుని
అడ్డంగా గీత కొట్టాలని నియమం.
నేను అడగలేదు.
దాలెమ్మ పొడి కాగితాన్ని తడి కాగితంలో మడిచి
సంచి మూతికి ముడి వేసుకుంది.

"ఠిక్ హెలా?" అంది గుమ్మంలోంచి దీదీ.
"హెలా" అన్నాను.
ఫ్యాను సంగతి ఎవరికైనా చెబుతానంటూ
రిజిస్టరు తీసుకుని
రాత్రి డ్యూటీకి వెళ్లింది.