వెన్ను చూపిన పిల్ల

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజుల్లో
వీధి మూలల్లో తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని రోడ్డు దాటడానికి.
వాటిలో ఒకటి నా వర్క్‌షాపు గుమ్మం ముందే.
ఆ తాడు పట్టుకునే వచ్చింది యాస్నా మొదటిసారి.
పన్నెండేళ్లు. వెనకాల వాళ్ల నాన్న.

అరచేతులు జోడించి ముందుకు వంగమన్నాను.
వెన్ను చూపడమంటే పారిపోవడమని అంటారు.
ఈ పిల్ల వెన్ను చూపుతూ అక్కడే నిలబడింది,
కుడి పక్క ఎడమకన్నా వేలెడు ఎత్తుగా.

ఎక్స్‌రే మీద డాక్టరు పెన్సిలు గీతలు: ఇరవై ఎనిమిది డిగ్రీలు.
తుంటి ఎముక అంచున
పెరుగుదల ముగిసే గుర్తు ఇంకా మొదలవలేదు.
అంటే పిల్లకి ఎత్తు మిగిలుంది,
అంటే వంపుకీ వయసుంది.

"బయట చెట్లని ఈ గాలి వంచింది. మరి నన్నే గాలి వంచింది?"
తెలీదన్నాను.
పుస్తకాల సంచి కాదు, కూర్చున్న తీరు కాదు,
మీ అమ్మ గదమాయించకపోవడమూ కాదు.
దానికి నోరు తిరగని పేరొకటి ఉంది,
విప్పి చూస్తే లోపల ఉన్నదీ 'తెలీదు' అనే.

నాన్న చేతుల నిండా పీతల గాట్లు.
చాలాసేపటికి నోరు తెరిచాడు:
"సెంతోయా పీతకి పెంకు ఇరుకైతే వదిలేస్తుంది.
కొత్తది గట్టిపడేదాకా రాళ్ల కింద మెత్తగా దాక్కుంటుంది."
"నేను పీతని కాదు నాన్నా."

ఆర్నెల్లకి ముప్పై మూడు.
ఇక ఒంటికి అచ్చు తీశాను.
ప్లాస్టిక్ రేకు ఓవెన్లో రొట్టెపిండిలా జారుతుంటే
అచ్చు మీద కప్పి, చల్లారాక కోశాను.
నెట్టే చోట మెత్త, దానికెదురుగా కిటికీ.
ఒకవైపు తోసి రెండోవైపు తలుపు తీయకపోతే
వెన్నెక్కడికి పోతుంది?

రోజుకి ఇరవై గంటలు, స్నానానికీ ఈతకీ సెలవు.
లోపలి బనీను తిరగేసి తొడుక్కో, కుట్లు గుచ్చుకోవు.
ఇది నిన్ను నిటారు చెయ్యదు, ముందే చెబుతున్నా.
ఉన్నచోట ఆపుతుంది. అదీ అందరినీ కాదు.
"మరి గెలిచినట్టు ఎలా తెలుస్తుంది?"
"ఏమీ జరగదు. అదే గెలుపు."
ఆ వయసు పిల్లకి ఆ సరుకు అమ్మడం కష్టం.

బ్రేస్‌లో బొత్తామంత యంత్రం ఒంటి వేడిని లెక్కపెడుతుంది.
ఆగస్టులో తెరిచి చూస్తే రోజుకి తొమ్మిది గంటలు.
రాత్రులు నిండుగా, బడి వేళలన్నీ ఖాళీగా.
ఆ కాగితం వాళ్ల నాన్నకివ్వబుద్ధి కాలేదు, తనకే ఇచ్చాను.
చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.
"బెంచీకి ఆనుకుంటే టక్‌మంటుంది," అంది.
"క్లాసంతా వెనక్కి తిరుగుతుంది."

ఇరవై ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను.
ఆ టక్ నా చెవిన పడలేదు.
వెనక అంచుకి గొర్రెతోలు ముక్క అతికించాను.
తొమ్మిది పదహారయింది. ఇరవై ఎప్పుడూ కాలేదు.

రెండుసార్లు కొత్తది చెయ్యాల్సొచ్చింది.
రెండోసారి తనే ఫోన్ చేసింది:
"పెంకు బిగుతైంది."

పదిహేను నిండాయి. ఏడాదిగా గోడ మీద ఎత్తు గీత కదలలేదు.
ముప్పై ఐదు.
ఆ రెండు డిగ్రీలూ వంపువో, పెన్సిలు వణుకువో
డాక్టరే తేల్చలేకపోయింది.
ఇదే బల్ల మీద కూర్చున్న ఇంకో పిల్లాడు,
గంటలన్నీ నిజాయితీగా వేసుకున్నవాడు,
యాభై దాటి సాంతియాగోకి ఆపరేషన్‌కి వెళ్లాడు.
న్యాయం సంగతి నన్నడక్కండి.

"ఇంటికి తీసుకెళ్తావా?"
"మీరే ఉంచుకోండి."
గొర్రెతోలు ముక్క మాత్రం పీక్కుని పోయింది.

బయట గాలి ఈలేస్తోంది.
కిటికీలోంచి చూశాను:
తాడు పక్కనే, తాడు పట్టుకోకుండా,
గాలివైపు కాస్త ఒరిగి నడుస్తోంది.
ఆ వీధిలో అందరూ అలాగే నడుస్తున్నారు.