మూడు వారాల మనిషి

కట్టమంచి రోడ్డులో నాది మోటార్ వైండింగు అంగడి.
కాలిన రాగి వాసన చూసి చెప్తా
ఏ ఊరి లైన్లో ఓల్టేజి ఎట్లుండాదో.
రైతులు బోరు మోటారును ట్రాక్టరులో పండబెట్టుకోని వస్తారు,
నిద్ర చెడతాదేమో అన్నట్టు నిదానంగా దించుతారు.
"కరెంటు తక్కువొచ్చిందా మేస్త్రీ, ఎక్కువొచ్చిందా?"
రెండూ వచ్చుంటాయి నాయనా.
తక్కువకి మూలిగింది, ఎక్కువకి ఎగిరింది,
ఈ రెండిటి మధ్యా ఉరికీ ఉరికీ కాలిపోయింది.

నా సంగతి చెప్పలా వాళ్లకి.

తలలో, కనుబొమల వెనక, శనగగింజంత గడ్డ.
తిరుపతిలో ముక్కులోనుంచి పోయి తీసినారు.
దాంతోపాటు ఏదో స్విచ్చి గూడా పోయింది.
ఆర్నెల్లకి గడ్డం గీసే పని తగ్గింది.
మోటారు ఎత్తలేక ఖాజాని పిలిచినా, మొదటిసారి.
రాత్రిపూట వల్లెమ్మ అటు తిరిగి పడుకోలా,
నేనే తిరిగినా.

అప్పుట్నుంచి మూడు వారాలకొక సూది.
నూనె మందు. చిక్కగా, నొప్పిగా దిగుతాది.
"ఆముదం మాదిరి గదన్నా" అంటాడు కాంపౌండరు సుందర్రాజు
ప్రతిసారీ. నవ్వుతాడు ప్రతిసారీ.

రెండోనాడు నాకు రెండు మెడలు.
మూడోనాడు నూటయాభై రూపాయల కాడ
గిరాకీ మీదికి స్పానరు ఎత్తినా.
నాలుగోనాడు, చెప్తే సిగ్గు,
మిట్టమధ్యాన్నం అంగడి మూసి ఇంటికి పోయినా.
పదోనాడు మనిషిని.
పదైదోనాటికి టీ గ్లాసు బరువు.
పద్దెనిమిదోనాడు ఖాజా ఏదో కొలత అడిగితే
ఊరికే, ఏమీ లేకుండా, కండ్లలో నీళ్లు.
ఇరవయ్యోనాడు
నేను గోడకి తగిలించిన చొక్కా.

మూడోనాడు రక్తం తీసి "శానా ఎక్కువ" అని ఒక కాగితం.
ఇరవయ్యోనాడు తీసి "శానా తక్కువ" అని ఇంగొకటి.
రెండిటి మీదా నా పేరే, నా వయసే, నలభైమూడు.
కూడి రెండుతో భాగిస్తే బాగానే ఉండా.
సగటుతో ఎవురైనా సంసారం చేస్తారా?

ఒకనాడు క్యాలెండరు చూసినా.
పాల లెక్క పక్కన పెన్సిలు గుర్తులు,
చుక్క, గీత, సున్నా.
"ఇదేంది వల్లీ?"
"చుక్కనాడు నిన్ను దుడ్లు అడగను.
గీతనాడు అడగొచ్చు.
సున్నానాడు పాపను నీ కాడికి పంపను,
నువ్వు ఏడిస్తే అది భయపడతాది."
చాట కింద పెట్టి, కొంచెం ఆగి,
"నాకు ఇరవై ఏండ్లుగా నెలనెలా ఉండాది.
ఎవురు పెట్టినారు గుర్తులు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ పొద్దుకీ లేదు.

డాక్టరమ్మ హేమావతి చీటీ వెనక బొమ్మ గీసింది.
మిట్ట, పల్లం, మిట్ట, పల్లం.
ఘాట్రోడ్డు బస్సులో కడుపు తిప్పేది
కొండ ఎత్తుకి కాదు, మలుపులకి.
"అదే మందును వారం వారం కొంచెం కొంచెంగా పంచుకుందాం" అనింది.
బొమ్మ అక్కర్లేదమ్మా,
పదేండ్లు స్టెబిలైజర్లు అమ్మినోణ్ణి.

ఇప్పుడు బేస్తారం బేస్తారం చిన్న సూది.
నాకు నేనే వేసుకుంటా, తొడలో.
స్పానరు స్పానరు మాదిరే ఉండాది.
చొక్కా నా ఒంటి మీదుండాది.
అబద్ధమెందుకు, ఆ నాలుగోనాటి మీద మాత్రం
అప్పుడప్పుడూ ఆశ పుడతాది.
ఆ మధ్యాన్నం, సగం దించిన షట్టరు,
"అన్నమన్నా తిని రాకూడదా" అని వల్లెమ్మ నవ్విన నవ్వు.
సమంగా వెలిగే బల్బును ఎవురూ తలెత్తి చూడరు.

క్యాలెండరులో పాల లెక్క ఒకటే మిగిలింది.
కాదు, పోయిన నెల నేనొక చుక్క పెట్టినా.
నాది కాదు, వల్లెమ్మది.
చూసింది. ఏమీ అనలా.
ఆ రాత్రి సంగటి నేనే కెలికినా.
ఉండలు కట్టింది.
తినింది.