ఎసరు

బరంపురంలో మా వార్డు పల్లం.
కాయితం మీద అది నాలుగో ఉపపరీవాహకం,
అరవై మూడు హెక్టార్లు.
ఒడియా ఫైలులో దానికో నంబరు.
తెలుగు నోళ్లలో మాత్రం ములిగిపోయే వీధి.

లెవెల్ యంత్రం నేను మోశాను,
గళ్ల కర్ర దండసేన పట్టుకున్నాడు.
రైలు కట్ట నుంచి కల్వర్టు దాకా
నేల ఎటు వాలిందో అడుగుతూ నడిచాం.
నేల అబద్ధమాడదు,
దాని మీద పోసిన సిమెంటు ఆడుతుంది.

పుస్తకంలో పట్టిక ఉంది:
తోట మీద పడ్డ వానలో పదింట రెండు వంతులే పరుగెడతాయి,
డాబా మీద పడితే తొమ్మిదిన్నర.
పాత కొలతల్లో ఇక్కడ మామిడితోట అని రాసి ఉంది.
వెళ్లి చూస్తే
తోట పేరు కల్యాణమండపం గేటు మీద ఉంది.

ఇక కావలసింది ఒక్క అంకె.
కట్ట దగ్గర పడ్డ చినుకు
కల్వర్టు చేరడానికి ఎంతసేపు?
మూడు సూత్రాలు మూడు జవాబులు చెప్పాయి:
పదకొండు నిమిషాలు. ముప్ఫై నాలుగు. ఇరవై.

కల్వర్టు పక్కన తవిటమ్మ అప్పడాలు ఒత్తుతోంది.
పిండి వేళ్లకి అంటుకునే తీరులోనే
ఆమెకి ఆకాశం తెలిసిపోతుంది.
"ఏటి బాబూ కొలుస్తన్నావు?"
చెప్పాను.
"దానికింత మిషనెందుకు?
కట్టకాడ వాన దిగిందని కోడలి పుట్టింటోరు ఫోను సేస్తారు.
అప్పుడెసరు పెడతాను.
అన్నం వార్చీసరికి నీరు గుమ్మంలోకొచ్చీస్తాది.
మా అత్త ఉన్నప్పుడైతే
అన్నం దిగి, పప్పుడికి,
పిల్లలు తినీసి సెయ్యి కడిగీసినాక ఒచ్చీది."

మర్నాడు ఆమె పొయ్యి పక్కన
గడియారం పట్టుకు కూర్చున్నాను.
ఇరవై రెండు నిమిషాలు.

అంతసేపటి వానకి తీవ్రత గంటకి ఎనభై మిల్లీమీటర్లు,
గుణకం సున్నా పాయింటు ఎనిమిది,
విస్తీర్ణంతో హెచ్చవేసి మూడొందల అరవైతో భాగిస్తే
సెకనుకి పదకొండు ఘనపు మీటర్ల చిల్లర.
కల్వర్టు గొంతులో పట్టేది ఆరు.
మిగతా ఐదూ ఎటు పోతాయో సూత్రం చెప్పదు.
తవిటమ్మ చెప్పింది: "మంచం కిందకి."

"ఇది పాతికేళ్లకోసారి వచ్చే వాన" అన్నాను.
ఆమె వేళ్లు మడిచింది.
"పెద్దోడి పెళ్లికొచ్చింది, మనవరాలి బారసాలకొచ్చింది,
కిందటి చవితికీ ఒచ్చింది.
దానికి లెక్కలు రావేటి?"
పాతిక చీట్లున్న డబ్బాలోంచి
ఏడాదికోటి తీసి, చూసి,
మళ్లీ అందులోనే పడేసినట్టని చెప్పాను.
కాసేపు ఊరుకుంది.
"మళ్లీ డబ్బాలో ఏసీవోడెవడు?"
ఆ ప్రశ్నకి పట్టిక లేదు.

కిందటేడే ఆమె రేకులు తీయించి డాబా పోయించింది,
అప్పడాలు ఆరడానికి.
నా లెక్కలో అది సున్నా పాయింటు తొమ్మిది ఐదు.
ఆమెకి చెప్పలేదు.
మా పెరడంతా గచ్చు చేయించింది నేనే.

అంచనా పత్రంలో 'ఆధారం' అని ఒక గడి.
తవిటమ్మ పొయ్యి అని రాసి, కొట్టేసి,
'స్థానిక విచారణ' అని రాశాను.
ఫైలు పది రోజులకి తిరిగొచ్చింది.
సాబత్ సారు పచ్చ సిరాతో:
ఈ ఏడు నిధుల్లేవు. కల్వర్టుకి సున్నం కొట్టించండి.
కొట్టించాం. తెల్లగా, బాగానే ఉంది.

అల్పపీడనం రాత్రి వచ్చింది.
రైలు కట్ట వైపు రేకులు మోగడం వినగానే
కుక్కరెక్కించి
గడియారం చేత్తో పట్టుకున్నాను.
ఒక కూత.
రెండో కూత.
మూడోది రాకముందే
గడప దగ్గర నా చెప్పు
మెల్లగా కదిలింది.