ఆగమనే చప్పుడు

పదిహేడేళ్లు నేలకు చెవి ఆనించి బతికాను.
సాపర్‌ని.
మట్టిలో ఎవడో దాచిన చావును
ఇనప పుల్లతో ఏటవాలుగా గుచ్చి వెతుకుతూ
తగిలితే ఊపిరి బిగబట్టి
తగలకపోతే ఇంకా బిగబట్టి
జానెడు జానెడు దారి చేసినవాణ్ణి.
పూటంతా పాకితే పన్నెండు గజాలు. అదీ మా వేగం.

ఇప్పుడు గంటకు అరవై.
వెనకాల యాభై ఎనిమిది పెట్టెల సిమెంటు,
ముందు, గుచ్చి చూడకుండానే నమ్మాల్సిన రెండు పట్టాలు.

"నలభయ్యో ఏట అసిస్టెంటుగానా, వలీ?"
గిద్దలూరు బ్యాంకులో పింఛను వరసలో
నా వెనక నిలబడ్డ సుబేదారు అన్నాడు.
"ఇదే గేటు దగ్గర తుపాకీ ఇస్తారు గదా, కుర్చీ కూడా ఇస్తారు."
నిజమే, ఇస్తారు.
తుపాకీ ఉన్న కుర్చీలో నాకు నిద్ర పట్టదు.

నా పైలట్ దేవకరుణ. దొనకొండ పిల్ల.
నేను బెంగుళూరులో తొలిసారి బూట్లు తుడిచిన ఏడు
ఆమె నాలుగో తరగతి.
తాత బొగ్గింజన్లో ఫైర్‌మన్ అట.
ఆమె ఎక్కగానే అలవాటు చొప్పున నిటారుగా లేస్తాను.
"కూర్చో అన్నా, సెల్యూట్ సిగ్నల్‌కి చెయ్యి" అంటది.

చెయ్యి చాపి రంగు పేరు గట్టిగా పలకడం, అదే సెల్యూట్.
నేను: "డిస్టెంట్, పచ్చ."
ఆమె: "డిస్టెంట్, పచ్చ."
రెండు జతల కళ్లు ఒకే మాట మీద నిలబడాలి.
మా కంపెనీలో ఈ పద్ధతుండుంటే
తిరుపాలు
వద్దు. సిగ్నల్ వస్తోంది.

నిమిషానికోసారి ఇంజను దీపం వెలిగించి అడుగుతుంది: ఉన్నావా?
మీట నొక్కాలి. ఉన్నాను.
నొక్కకపోతే తనకు తనే బ్రేకు వేసుకుంటుంది.
కుప్వాడా మంచులో రాత్రుళ్లు కాపలా కాశాను,
అక్కడ అడిగినవాడు లేడు.

పుష్యమాసం. తెల్లవారుజామున నాలుగుంబావు.
కృష్ణాపురం దాటాక
కంభం చెరువు తన దుప్పటి తెచ్చి బండి మీద కప్పింది.
హెడ్‌లైటు వెలుగు నాలుగు బారలు పోయి
దారి లేదని తిరిగొచ్చింది.
ఆమె వేగం తగ్గించింది. నేను అద్దం తుడిచాను,
తుడవాల్సింది అద్దానికి అవతల ఉంది.

చక్రం కింద
ఢాం.

ఎప్పుడు పడుకున్నానో తెలీదు.
క్యాబు నేల మీద, చేతులు తలపైన, నోరు తెరిచి.
మోకాలి కింద తడుముకుంటున్నాను
నా పాదమా, వాడిదా.
మళ్లీ ఢాం.

"అన్నా," పట్టాల మీంచి చూపు తిప్పకుండానే అంది,
"డిటనేటర్లు. ముందు సిగ్నలుందని మంచుమనిషి పెట్టాడు.
లెయ్. నాకు రంగు చెప్పేవాడు కావాలి."

క్లాసులో చదివిందే.
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.
ఒంటికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

లేచాను. "డిస్టెంట్... పసుపు."
"పసుపు," అంది, ఏమీ జరగనట్టు.

నెమ్మదిగా పోతుంటే కనిపించాడు పట్టాల పక్కన:
చితుకుల మంట, చెవులకు బిగించిన తువ్వాలు,
చేతిలో దీపం, ఒక ముసలి గ్యాంగ్‌మన్.
మా ముఖాలు తెలీవు. పేర్లు తెలీవు.
పదిహేడేళ్లలో దారిన మందు పెట్టిన ప్రతివాడికీ
నా కాలు కావాల్సొచ్చింది.
ఈయనకు నా చెవి చాలు.

డ్యూటీ దిగి తిరుపాలుకు ఫోన్ చేశాను.
మార్కాపురంలో పలకలు కోస్తాడు,
చెక్క పాదం స్టూలు కింద విడిచి.
అంతా చెప్పాను, పడుకున్నది కూడా.
కాసేపు రంపం చప్పుడే వినిపించింది.
తర్వాత ఆపాడు.
"కాలు పోదు గదా?"
"పోదు."
"ఆగమని చెప్పడానికేనా?"
"అంతే."
"మంచి మందే," అన్నాడు.