రెండు పొలాలకు ఒకే మడవ

గ్రనాడా పక్కన, హెనీల్ ఏటి వార పోప్లార్ తోటల్లో
ఎనభైకి దగ్గరపడ్డ ఎలాదియో
ఇంకా పార భుజాన వేసుకునే తిరుగుతాడు.
నీళ్లు కట్టడం అతని పని.
ఎవరి వంతు ఎన్ని గంటలో, ఏ మడవ ఎప్పుడు మూయాలో
కాగితం మీద కంటే అతని మోకాళ్లకే బాగా తెలుసు.

మంగళవారం పొద్దున బకెట్టులో ఒక తోపోను తెచ్చి
నా బల్ల మీద పెట్టాడు.
కళ్లుండీ చూడనిది,
అరచేతులతో మట్టిని ఈదేది.
"ఫుయెన్‌సాంతా, ఇది ఆడా, మగా?"

పైన చూసి చెప్పలేం అన్నాను.
ఈ జాతిలో ఆడది కూడా
గట్టు దాటి వచ్చినవాడిని కొరుకుతుంది.
దాని అండాశయాన్ని అంటుకుని వృషణం లాంటి ముక్క.
అందులో బీజం ఉండదు, పౌరుషం మాత్రం ఊరుతూ ఉంటుంది.
అయినా పిల్లల్ని కంటుంది, పాలిస్తుంది.

"మా మేనత్త లాగన్నమాట," అన్నాడు.

జన్యువు కొత్తదేం కాదు ఎలాదియో,
ఎలుకలోనూ ఉంది, నీలోనూ ఉంది.
మారింది కాలువ.
ఎప్పుడో ఒక ముక్క తెగి, తిరగబడి అతుక్కుంది.
వేరే మడికి పారాల్సిన మడవ ఇటు తెరుచుకుంది,
మూసుకునే వేళకి మూసుకోలేదు.

పారను గోడకు ఆనించి కూర్చున్నాడు.
"నీళ్లు అవే," అన్నాడు. "పైరు వేరు."

నేను ఇరవయ్యేళ్లుగా చెప్తున్న పాఠం
రెండు మాటల్లో అయిపోయింది.

మైక్రోస్కోపు కింద ఎలుక పిండం చూపించాను, పదో రోజుది.
మూత్రపిండం పుట్టే చోటు పక్కన సన్నని గట్టు,
ఇంకా పేరు పెట్టని కణాలు.
వీటిలో కొన్ని విడిపోయి
మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చుంటాయి,
ఒంట్లో ఉప్పుకి కాపలా కాస్తాయి.
మిగిలినవి ఆడో మగో తేల్చుకుంటాయి.
ఈ రెండు పొలాలకూ మొదటి మడవ ఒకటే.
అది పడిపోతే...

అతను కన్ను తీయలేదు.
అద్దం మీద అతని ఊపిరి ఆవిరైంది.

"యాభై ఒకటిలో మా అమ్మ ఇంకో బిడ్డను కన్నది.
మంత్రసాని దీపం దగ్గరికి తెచ్చి చూసింది,
మళ్లీ చూసింది, ఏమీ అనకుండా గుడ్డ చుట్టింది.
పాదిరీ పేరడిగితే మా నాన్న త్రినిదాద్ అన్నాడు.
ఆ పేరు ఆడవాళ్లకీ ఉంది, మగవాళ్లకీ ఉంది.

జ్ఞానస్నానం నాడు పాదిరీ నాలుక మీద ఉప్పు రాస్తాడు,
ఆ రోజుల్లో అదీ ఆచారమే.
ఏ బిడ్డయినా మొహం చిట్లించి ఏడుస్తుంది.
త్రినిదాద్ ఏడవలేదు.
పాదిరీ వేలు పట్టుకుని చప్పరించింది.
గుడిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నాకప్పుడు ఐదేళ్లు.
తాగిన పాలన్నీ కక్కేది.
పన్నెండో రోజున పోయింది.

ఉప్పే చంపిందనుకుంది మా అమ్మ.
చచ్చేదాకా చప్పిడి చారే తాగింది."

ఆ మడవేనా, అని అడగలేదు.
అడిగినట్టే ఉంది.
తెలియదన్నాను. అదే కావచ్చు, ఇంకోటి కావచ్చు,
ఇలాంటివి చాలా ఉన్నాయి, మేం లెక్క పెట్టినవి కొన్నే.
డెబ్బై ఏళ్ల కిందటి మట్టిలో ఇప్పుడేం వెతకను?

కాని ఒక్క మాట దాచుకోలేకపోయాను:
ఆ పన్నెండు రోజుల్లో
త్రినిదాద్‌కి ఎవరైనా పెట్టిన సరైన తిండి
బహుశా ఆ వేలి చివర ఉన్నదే.

చాలాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు.
తర్వాత బకెట్టు అందుకున్నాడు.
"దీన్ని కోయొద్దులే.
ఆరింటికి వెల్లుల్లి మళ్ల వంతు ఉంది,
పోతూ పోతూ తోటలో వదిలేస్తాను."

ద్వారం దగ్గర ఆగి
పార చివర అంటిన తడి మట్టిని
బొటనవేలితో తుడిచి,
ఎందుకో, నాలుకకి రాసుకున్నాడు.