పది మీటర్ల గడి

ఐదు రోజులకోసారి అది మా మీదుగా పోతుంది.
మబ్బు పట్టిందా, ఆ వారం గుడ్డివారం.
మబ్బులేని పూట
తుర్గాయ్ గోధుమంతా నా బల్ల మీద పరుచుకుంటుంది
గడులు గడులుగా, గడి ఒక్కింటికి పది మీటర్లు.
ఆకు మింగిన వెలుగెంత,
ఆకు వద్దని విదిలించిన వెలుగెంత.
ఆ రెండోది మన కంటికి ఆనదు, దానికి ఆనుతుంది.
కడుపు నిండిన చోట పచ్చ,
ఆకలిగొన్న చోట ఎరుపు.

పదిహేడో నంబరు చేను
మూడేళ్లుగా ఒకే తప్పు చేస్తోంది.
ఈశాన్య మూల, ఎర్రటి నేల నడుమ
పదకొండు గడుల పొడుగు, ఆరు గడుల వెడల్పు
ముదురు పచ్చ.
స్కేలు పెట్టి గీసినట్టు.
నేల తనంతట తాను ఇంత తిన్నగా మూలలు తిరగదు.

లెక్క తప్పిందన్నారు ఆఫీసులో.
విత్తనం కలిసిపోయిందన్నాడు యెర్నార్.
నేను జీపెక్కాను.
నలభై కిలోమీటర్లు, దారి పొడుగునా గాలి.

తీరా వెళ్తే
గోధుమే. మోకాలెత్తు.
ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తెలిసింది
పక్కన నిలబడితే తెలియలేదు.
ఫోనులో నీలి చుక్కను పట్టుకుని నడిచాను.
హద్దు దాటావంది.
వంగి పిలకలు లెక్కపెట్టాను:
ఇవతల రెండు. అవతల ఐదు.

తొలెగెన్ తాతకి ఎనభై ఏడు.
వర్క్‌షాపు గుమ్మంలో పాల టీ తాగుతున్నాడు.
ఫోను చేతికిస్తే
అద్దాలు తీసి, దాన్ని అడ్డంగా తిప్పి,
ఆ పచ్చ మీద వేలుపెట్టి
"తలుపు ఇక్కడ" అన్నాడు.
"మంచుగాలి అటునించి. అందుకే తలుపు ఇటు."

మేనత్త బల్జియా చలికాలపు మకాం.
ఎనిమిది వందల గొర్రెలు
ఏళ్ల తరబడి మంద పడుకున్న నేల.
"నాకు పదిహేడేళ్లు. కొత్త ట్రాక్టరు.
బీడంతా దున్నమన్నారు, దున్నాను.
మట్టిగోడలే కదా, రెండు చాళ్లకే కూలాయి.
ఆమె బండిలోకి కుండలెత్తుతోంది.
నేను మలుపు తిప్పాలి.
అటు చూళ్లేదు."

టీ చల్లారింది. ఇంకో కప్పు పోసుకోలేదు.

మరుసటి ఏడు
మ్యాపుని ఎరువు యంత్రంలోకి ఎక్కించాం.
ఎరుపు మీద ఎక్కువ, పచ్చ మీద సున్నా,
అంతకు మించి దానికేమీ తెలియదు.
తాత నేనూ వస్తానన్నాడు.
డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు,
టోపీ ఒళ్లో పెట్టుకుని.

గరగరమంటూ గుళికలు చిమ్ముతూ పోతున్న యంత్రం
ఓ చోట టక్కున నోరు మూసింది.
నూటపది మీటర్లు
చక్రాల కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు.
ఈసారి అటు తిరిగి చూశాడు.
ఎంతసేపో చూశాడు.

మళ్లీ గుళికలు మొదలయ్యాక
ఏం కనిపించింది తాతా అని డ్రైవరు అడిగితే
"గోధుమ" అన్నాడు.