పొన్ను కర్ర

బి.ఏ. రెండో సంవత్సరం, మధ్యాహ్నం పీరియడ్.
పోర్టు నుంచి లేచిన ఖనిజం దుమ్ము
కిటికీ ఊచల మీద ఎర్రగా.
వేలితో తుడిచి, అదే వేలితో
బోర్డు మీద రెండు పేర్లు చూపించాను:
విగ్గులు, టోరీలు.

"విగ్గంటే బోడితల మీద పెట్టుకునేదేనా మేడమ్?"
వెనక బెంచీ పగలబడింది.
కాదర్రా, అవి తిట్లు.
ఒకటి స్కాట్లాండు గొడ్లు తోలేవాళ్ళను అన్న మాట,
ఒకటి ఐర్లండు దారిదోపిడీగాళ్ళను అన్నది.
తిట్టుకుని తిట్టుకుని
చివరికి ఆ తిట్లే ఇంటిపేర్లయి కూర్చున్నాయి.

అప్పుడు తలెత్తాడు మసేను.
అరజిల్లి మసేను, పెదజాలరిపేట.
తెల్లారుజామున మూడింటికి వేటకెళ్ళి
మెడ మీద ఉప్పు ఆరకుండానే క్లాసుకొస్తాడు,
హాజరు పిలిచేసరికి సగం నిద్ర.

"మా పేటలోనూ అంతే మేడమ్.
మరబోటోళ్ళని తెప్పలోళ్ళు డీజిల్ తాగుబోతులంటారు.
ఆళ్ళు ఈళ్ళని నత్తగుల్లలంటారు.
ఇప్పుడు సంఘం ఎన్నికల్లో
ఈళ్ళే సెప్పుకుంటన్నారు, మాది నత్తగుల్ల పార్టీ అని."

పాఠంలోకి లాక్కొచ్చాను.
జర్మనీ నుంచి దిగిన రాజు.
ఇంగ్లీషు సరిగా రాదు,
మంత్రుల మధ్య కూర్చోవడం మానేశాడు.
ఖాళీ కుర్చీ పక్కన
ఇంకో కుర్చీ మెల్లగా ఎత్తు పెరిగింది.
అంతకు ఆరేళ్ళ ముందే ఒక రాణి
ఒక బిల్లుకు వద్దంది.
వద్దన్నది అదే ఆఖరు.
మూడు వందల ఏళ్ళుగా ఆ సింహాసనం గొంతులో
మిగిలింది 'సరే' ఒక్కటే,
అదీ పాత ఫ్రెంచిలో.

"మా తాతకి తెలుగొచ్చు మేడమ్. అయినా అంతే."

అరజిల్లి దానయ్య, కులపెద్ద.
తండ్రి నుంచి వచ్చిన పెద్దరికం,
తండ్రి నుంచి వచ్చిన వెండి పొన్ను కర్ర.
ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో
రెండు జట్లూ తలుపేసుకుని తేల్చుకుంటాయి.
దానయ్య బయట నిలబడాలి.
లోపల అరుపులు సద్దుమణిగాక
కర్రతో మూడుసార్లు తలుపు కొడతాడు.
తీస్తారు. కాగితం ఇస్తారు.
తాను అనని మాటను
"నాను సెప్తన్నాను" అని చదవాలి.
చదువు రాదు. ఎవరో చెవిలో చెబితే
కంఠతా పట్టి చదువుతాడు,
కాగితం తలకిందులుగా పట్టుకుని.

రింగు వలల గొడవైన రాత్రి
ఒడ్డున రెండు పడవలు తగలబడ్డాయి.
దానయ్య కర్రను ఇసకలో అడ్డంగా పడేసి
"దాటితే నన్ను దాటినట్టే" అన్నాడు.
దాటారు.
ఇటువాళ్ళూ అటువాళ్ళూ దాటారు.
ఒకడికి మాత్రం కాలు తగిలింది,
వంగి, తాకి, కళ్ళకద్దుకుని
ఆ చేత్తోనే రాయి తీశాడు.

క్లాసు నవ్వలేదు.
డాల్ఫిన్స్ నోస్ వైపు ఓడేదో కూత పెట్టింది.

"మరి తాతయ్య దిగిపోలేదా?"
ముందు బెంచీలో సత్యవేణి.

"పొద్దున్నే రెండు జట్లూ మా గుమ్మంలోకొచ్చాయి.
గంగమ్మ పండగ ఏ రోజో సెప్పమని.
తాత సెప్పాడు.
దానికి మాత్రం ఎవరూ ఓట్లెయ్యరు."

పరీక్షలో పది మార్కులకు అడిగాను:
బ్రిటిష్ రాచరికమునకు, పార్లమెంటు పక్షములకు గల సంబంధము.
అందరూ గైడు దించారు.
మసేను సగం పేజీ రాశాడు.

"పెద్ద తుపాను ఏడాది ఇంట్లో బియ్యం లేక
తాత వెండి పొన్ను తాకట్టు పెట్టాడు. విడిపించలేదు.
ఇప్పుడు కర్రకున్నది స్టీలు డబ్బా మూత,
వన్ టౌన్‌లో వెల్డింగు చేయించాం.
వెండి కాదని మరబోటోళ్ళకు తెలుసు.
తెప్పలోళ్ళకు తెలుసు.
ఎవరూ అనరు.
అంటే రేపు తలుపు ఎవరు కొట్టాలి?
మీరు చెప్పిన రాయని రాజ్యాంగం
ఇదే అనుకుంటున్నాను."

ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు కూర్చున్నాను.
మా వీధి చివర పాత రాణిగారి విగ్రహం,
ఉప్పుగాలికి నల్లబడ్డ ముఖం.
పక్క గోడ మీద రెండు రంగుల పోస్టర్లు
ఒకదాన్నొకటి కప్పేసుకుంటూ.

ఏడు వేశాను. కొట్టేసి, ఎనిమిది.
పక్కన రాశాను:
తేదీలు లేవు.
నాది కాని మాట,
నా చేతిరాతలో.